ఊళ్లు కలిశాయి.. గ్రామసభలు ఏవీ?

సర్పంచి పోయి కార్పొరేటర్ వచ్చినా అడిగే చోటు కరవు
చట్టంలో వార్డు కమిటీలు, ఏరియా సభలు.. ఆచరణలో సోమవారం అర్జీలే

శేరిలింగంపల్లి: రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని పాత గ్రామాల వారికి పురపాలనతో ముఖాముఖి సంబంధం వారానికి ఒక్కసారే. అదే సోమవారం ప్రజావాణి. అర్జీ రాసుకొని కార్యాలయానికి వెళ్లడం, వరుసలో నిలబడటం, వంతు రాగానే అధికారి ముందు కాగితం ఉంచడం, రశీదు తీసుకొని తిరిగి రావడం. ఒక్కొక్కరుగా వెళ్తారు, ఒక్కొక్కరుగానే వస్తారు. ముందు నిలబడిన మనిషి కాగితంలో ఏముందో వెనుక నిలబడిన వానికి తెలియదు. ఇద్దరి గోడూ ఒకే మురుగు కాల్వ గురించి అయినా ఆ సంగతి అక్కడ బయటపడే వీలు లేదు.

గ్రామపంచాయతీలో ఈ పని వేరు విధంగా సాగుతుంది. డప్పు చాటింపు వేస్తారు. కారోబార్ రిజిస్టరు పట్టుకొని కూర్చుంటాడు. సర్పంచి, వార్డు సభ్యులు, కార్యదర్శి వస్తారు. బోరు మోటారు ఎందుకు కాలిపోయింది, వీధి దీపాలకు ఎంత ఖర్చు రాశారు, శ్మశానానికి దారి ఎవరు కలుపుకొన్నారు అన్న ప్రశ్నలు అందరి ఎదుటా వస్తాయి. జవాబు రాకపోతే కేకలు పుడతాయి. ‘గ్రామసభ రసాభాస’ అన్న శీర్షిక జిల్లా పేజీల్లో అరిగిపోయిన మాట నిజమే. అయితే రసాభాస కావాలన్నా ముందు సభ అంటూ జరగాలి కదా!

నగర శివార్లలోని గ్రామాలు వరుసగా మున్సిపాలిటీల్లోకి, అక్కడి నుంచి మహానగరంలోకి చేరిపోతున్న తరుణంలో ఈ తేడాను పట్టించుకున్నవారు తక్కువ. విలీనంపై చర్చ అంతా ఆస్తి పన్ను పెరుగుతుందా, భూముల ధర పెరుగుతుందా అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. ఊరివాడు అడిగే హక్కు ఎక్కడికి పోయిందన్నది మూడో ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే శేరిలింగంపల్లిని మించిన ఉదాహరణ మరొకటి కనిపించదు.

పల్లెల మీదుగా సైబరాబాద్

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ, గోపన్‌పల్లి, నల్లగండ్ల, హఫీజ్‌పేట, మియాపూర్, చందానగర్... నేడు ఐటీ కంపెనీల చిరునామాలుగా లోకమంతా వినిపిస్తున్న ఈ పేర్లన్నీ చెరువులు, కంచెలు, జొన్న చేలు ఉన్న పల్లెల పేర్లే. 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడి తర్వాత గచ్చిబౌలి వైపు విస్తరించింది. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ కాలంలోనే ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ, జాతీయ క్రీడల మైదానం వచ్చాయి. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పుట్టింది. అప్పటికి ఇక్కడ పాలన సాగించినది శేరిలింగంపల్లి పురపాలక సంఘం. 2001 జనాభా లెక్కల నాటికి దాని పరిధిలో సుమారు లక్షన్నర మంది ఉన్నారు.

2007 ఏప్రిల్ 16న జీహెచ్‌ఎంసీ ఏర్పాటైనప్పుడు కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, రాజేంద్రనగర్, ఉప్పల్ తదితర 11 మున్సిపాలిటీలతో పాటు శేరిలింగంపల్లి కూడా అందులో కలిసింది. విలీనం జరిగిన మరునాటి నుంచి ఎన్నికైన ప్రతినిధి లేడు. మహానగర పాలకమండలికి తొలి ఎన్నికలు జరిగింది 2009 నవంబరులో. ఆ మండలి గడువు 2014 డిసెంబరులో తీరిపోగా మళ్లీ ఎన్నికలు 2016 ఫిబ్రవరి వరకు రాలేదు. ఆ పైన 2020 డిసెంబరు 1న మూడోసారి పోలింగు జరిగింది. ఆ పాలకవర్గం పదవీకాలం 2026 ఫిబ్రవరి 10తో ముగిసింది. అంటే దాదాపు 19 ఏళ్లలో మూడే ఎన్నికలు. మధ్యలో మూడున్నర ఏళ్లకు పైగా ప్రత్యేకాధికారుల పాలన.

ఈ కాలంలోనే జనం ఎన్ని రెట్లు పెరిగారో శాసనసభ ఓటర్ల జాబితా చెబుతుంది. 2009లో ఉనికిలోకి వచ్చిన శేరిలింగంపల్లి శాసనసభ నియోజకవర్గంలో 2023 ఎన్నికల నాటికి ఓటర్లు ఏడు లక్షలు దాటారు. రాష్ట్రంలో ఇంత మంది ఓటర్లున్న నియోజకవర్గం వేరొకటి లేదు. గ్రామపంచాయతీలో జనాభాను బట్టి తక్కువలో తక్కువ ఐదుగురు, ఎక్కువలో ఎక్కువ 21 మంది వార్డు సభ్యులు ఉంటారు. వార్డు సభ్యుడు అంటే పక్క సందులో ఉండే మనిషి. ఇక్కడ ఒక డివిజన్‌కు ఒకే కార్పొరేటర్. అతని పరిధిలో పదుల వేల ఓటర్లు. కార్పొరేటర్ ఎంత మంచివాడైనా ఇన్ని గడపలు తొక్కడం మనిషి వల్ల అయ్యే పని కాదు.

పంచాయతీ పవిత్రమూ కాదు

గ్రామపంచాయతీ ఉంటే చాలు, అంతా సవ్యంగా సాగిపోతుందని చెప్పడం మాత్రం అతిశయోక్తి అవుతుంది. నగర శివార్లలో భూముల ధరలు మండిపోయిన కాలంలో పంచాయతీలు చేసిన నిర్వాకం తక్కువేమీ కాదు. తమ అధికారానికి మించి అంతస్తులకు అనుమతులు ఇచ్చారు. రోడ్డుకు, పార్కుకు చోటు వదలని వెంచర్లకు పంచాయతీ ముద్ర కొట్టారు. పాత తేదీలతో రశీదులు పుట్టించారన్న ఆరోపణలకు లెక్కలేదు. 2020లో ప్రభుత్వం అక్రమ లేఅవుట్ల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా వచ్చాయంటే అందులో మున్సిపాలిటీలతో పాటు పంచాయతీల పాలు కూడా ఉంది. సర్పంచి, కార్యదర్శి, రియల్ వ్యాపారి ఒక్కటైతే గ్రామసభ కోరం కాగితం మీదే నిండేది.

అయినా ఒక మాట చెప్పుకోవలసి ఉంది. ఆ అక్రమాలు వెలుగులోకి వచ్చినది చాలా చోట్ల ఊరివారి నోటి నుంచే. ఏ సర్వే నంబరు ఎవరిది, ఏది శిఖం భూమి, ఏది బంచరాయి అన్నది పట్వారీ పుస్తకం కన్నా ముందు ఊరి ముసలివారికి తెలుసు. ఆ తెలివిడికి సభలో ఒక స్థానం ఉండేది. నగరపాలక సంస్థలో దానికి స్థానం లేదు.

చెరువుల సంగతే చూడండి. దుర్గం చెరువు, గోపీ చెరువు, నల్లగండ్ల చెరువు, ఖాజాగూడ పెద్ద చెరువు, మల్కం చెరువు, మాదాపూర్ తమ్మిడికుంట. ఒక్కొక్క చెరువుకు తూము, అలుగు, వాటిని కనిపెట్టుకొని ఉండే నీరడి ఉన్న వ్యవస్థ ఇది. నీరడి వృత్తి పోయింది, అతని బాధ్యతను స్వీకరించిన వ్యవస్థ మాత్రం రాలేదు. నీటిపారుదల శాఖ, రెవెన్యూ, హెచ్‌ఎండీఏ, జీహెచ్‌ఎంసీ అంటూ నాలుగు బల్లల మధ్య దస్త్రం తిరిగింది. తమ్మిడికుంట ఒడ్డున కన్వెన్షన్ హాలు లేచి ఏళ్లు గడిచాక 2024 ఆగస్టు 24న హైడ్రా దానిని కూల్చినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. కూల్చివేత మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కన ఉంచుదాం. చెరువు హద్దు ఎక్కడన్నది తేల్చడానికి అన్నేళ్లు పట్టడం, చివరకు దానికోసం ప్రత్యేక సంస్థనే పెట్టవలసి రావడం గమనార్హం.

కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం ఇంకా పెద్దది. సర్వే నంబరు 25లోని ఆ భూమిని 2003లో నాటి ప్రభుత్వం ఒక క్రీడా సంస్థకు కేటాయించింది. 2006లో తరువాతి ప్రభుత్వం రద్దు చేసింది. కోర్టు వ్యాజ్యం 2024 దాకా నడిచి ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. 2025 మార్చి ఆఖరులో జేసీబీలు దిగాయి. విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా జోక్యం చేసుకొని పనులు ఆపించింది. మంత్రివర్గం మాట్లాడింది, విశ్వవిద్యాలయం మాట్లాడింది, న్యాయస్థానాలు మాట్లాడాయి. ‘కంచె’ అన్న పేరు పెట్టి తరతరాలుగా పశువులు మేపుకొన్న ఊరు మాత్రం ఊరుగా మాట్లాడలేదు. మాట్లాడటానికి గచ్చిబౌలి అనే ఊరికి చట్టం గుర్తించిన సభ లేదు మరి.

డబ్బు సంగతి కూడా ఒక మాట. 2025 అక్టోబరులో రాయదుర్గంలో టీజీఐఐసీ వేలం వేసిన భూమి ఎకరా 177 కోట్ల రూపాయలు పలికింది. ఆ సొమ్ము రాష్ట్ర ప్రభుత్వానిది. పారిశ్రామిక లేఅవుట్లలో ఆస్తి పన్ను వసూలు చేసేది కూడా ఐలా అనే వేరే వ్యవస్థ. అందులో 35 శాతం స్థానిక సంస్థకు చేరితే మిగిలినది ఆ లేఅవుట్ నిర్వహణకే. అద్దాల మేడల చుట్టూ రోడ్డు నున్నగా ఉండి, రెండు సందులు దాటగానే పాత ఊళ్లో డ్రైనేజీ పొంగిపొర్లుతుండటానికి ఇది ఒక్కటే కారణం కాకపోయినా ఇదీ ఒక కారణమే.

పదిహేను నెలలు.. మూడు చట్టాలు

శేరిలింగంపల్లిలో 19 ఏళ్ల క్రితం జరిగినది ఇప్పుడు పక్క ఊళ్లలో మరింత వేగంగా జరిగిపోయింది. మియాపూర్, చందానగర్‌లను ఆనుకొని సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ ఉంది. అక్కడి పటేల్‌గూడ, కిష్టారెడ్డిపేట, సుల్తాన్‌పూర్ గ్రామాలను గమనిస్తే విషయం తేటతెల్లమవుతుంది.

2019 జనవరిలో ఈ గ్రామాల వారు సర్పంచులను ఎన్నుకున్నారు. 2024 ఫిబ్రవరి ఆరంభంలో రాష్ట్రమంతటా పంచాయతీల గడువు తీరి ప్రత్యేకాధికారులు వచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో బాహ్య వలయ రహదారి చుట్టుపక్కల ఉన్న 51 గ్రామపంచాయతీలను సమీప మున్సిపాలిటీల్లో కలిపేశారు. ఈ మూడు ఊళ్లూ అమీన్‌పూర్ మున్సిపాలిటీలో చేరాయి. చేరిన నాలుగైదు నెలలకే, 2025 జనవరిలో, ఆ మున్సిపాలిటీ పాలకవర్గం గడువు కూడా తీరింది. 2025 డిసెంబరు ఆరంభంలో అమీన్‌పూర్‌తో పాటు తెల్లాపూర్, నార్సింగి, మణికొండ, నిజాంపేట సహా 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్‌ఎంసీలో విలీనం చేశారు. దాంతో 650 చదరపు కిలోమీటర్ల నగరం 2,000 చదరపు కిలోమీటర్లు దాటింది. మరో రెండు నెలలకు జీహెచ్‌ఎంసీ పాలకవర్గం కూడా దిగిపోయింది.

పటేల్‌గూడ రైతు పదిహేను నెలల్లో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం నుంచి 2019 నాటి పురపాలక చట్టంలోకి, అక్కడి నుంచి 1955 నాటి నగరపాలక చట్టంలోకి వెళ్లాడు. ఇంట్లోంచి కదలలేదు, ఓటూ వేయలేదు. 2019లో సర్పంచికి, ఆ మే నెలలో ఎంపీటీసీ, జడ్పీటీసీలకు వేసిన ఓట్లే 2025 ఆఖరు వరకు అతడు స్థానిక సంస్థకు వేసిన చివరి ఓట్లు.

ఈ మార్పులో కూలి కుటుంబాలకు తక్షణం తగిలిన దెబ్బ ఉపాధి పని. అది గ్రామీణ ప్రాంతానికి ఉద్దేశించిన పథకం కాబట్టి ఊరు పట్టణమైన వెంటనే జాబ్ కార్డుకు విలువ లేకుండా పోయింది. పేరు పట్టణమైనంత మాత్రాన ఆ కుటుంబానికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాదని వేరే చెప్పనక్కరలేదు. ఇంకొక చిక్కు గ్రామకంఠం ఇళ్లది. తాతల నాటి ఇంటికి రిజిస్టర్డు దస్తావేజు ఉండదు. పంచాయతీ ఇంటి నంబరు, పన్ను రశీదే ఆధారం. రికార్డులు ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి, అక్కడి నుంచి ఇంకో కార్యాలయానికి మారినప్పుడు కొలతలోనో పేరులోనో తప్పు దొర్లితే సరిచేయించుకోవడానికి ఎవరి వద్దకు వెళ్లాలో తెలియని స్థితి. కారోబార్‌కు తెలిసిన ఇల్లు కంప్యూటరుకు తెలియదు.

చట్టంలో లేకేం?

నగరంలో సభకు వీలే లేదనుకుంటే పొరపాటు. 73వ రాజ్యాంగ సవరణ పల్లెకు గ్రామసభను ఇచ్చినట్లే 74వ సవరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకు వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. రెండూ 1993లోనే అమల్లోకి వచ్చాయి. తేడా ఏమంటే గ్రామసభలో ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాడూ సభ్యుడే, వార్డు కమిటీలో ఎంపికైన కొద్దిమందే సభ్యులు. ఈ లోటు పూడ్చడానికి, కేంద్రం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం నిధులకు పెట్టిన షరతుల ఫలితంగా, వార్డు కింద ఏరియా సభలు అన్న అంచె కూడా చట్టంలోకి వచ్చింది. 2019 పురపాలక చట్టం మరొక అడుగు వేసి యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరుగా ఒక్కో వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కో కమిటీలో 15 మంది సభ్యులు ఉండాలంది. అంటే వార్డుకు 60 మంది.

కాగితం మీద ఇది గ్రామసభకు ఏమీ తీసిపోదు. అయితే పంచాయతీకి, దీనికి ఒక మౌలికమైన భేదం ఉంది. 2018 చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకొకసారి జరిగి తీరాలి, జరపకపోతే సర్పంచి పదవికే ముప్పు. వార్డు కమిటీ కూర్చోకపోతే కార్పొరేటర్‌కు వచ్చే నష్టం ఏమీ లేదు. కూర్చోవడం వల్లనే నష్టం! ప్రశ్నలు వస్తాయి, డబ్బు లెక్కలు అడుగుతారు, వచ్చే ఎన్నికల్లో పోటీకి దిగే మనిషి అక్కడే తయారవుతాడు. అందుకే ఏ పార్టీ చేతిలో అధికారం ఉన్నా ఈ కమిటీల మీద ప్రేమ పుట్టలేదు. కమిటీలు వేసిన చోట కూడా సొంత మనుషుల పేర్లతో నింపడం మామూలైపోయింది.

2023 జూన్‌లో జీహెచ్‌ఎంసీలోని 150 వార్డులకు వార్డు కార్యాలయాలు తెరిచారు. ఇంజినీరు, పారిశుద్ధ్యం, పట్టణ ప్రణాళిక, విద్యుత్తు, నీటి సరఫరా సిబ్బంది అంతా ఒకే కప్పు కింద ఉంటారన్నారు. ఆలోచన మంచిదే. కానీ అది సిబ్బంది కూర్చునే చోటే కానీ జనం కూర్చునే చోటు కాదు. ఫిర్యాదు తీసుకునే కిటికీ దగ్గరికి వచ్చింది, అంతే.

ఓటింగులో కనిపించే తేడాకు కూడా ఇక్కడ కొంత సమాధానం ఉండవచ్చు. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో పోలైనవి 46.55 శాతం ఓట్లు. 2025 డిసెంబరులో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మూడు విడతల్లోనూ 80 శాతం దాటాయి. ఐటీ ఉద్యోగులకు సెలవిచ్చినా ఓటు వేయరంటూ ప్రతిసారీ నింద వేయడం పరిపాటి. అందులో నిజం లేకపోలేదు. పల్లెలో ఓటుకు డబ్బు, బంధుత్వం, పంతం తోడవుతాయన్నదీ నిజమే. అయినా ఓటు వేసిన తర్వాత అయిదేళ్లపాటు కనిపించని వ్యవస్థ కోసం పోలింగు కేంద్రం దాకా నడవమంటే నడిచేవారు ఎందరుంటారు?

కాలనీ సంక్షేమ సంఘాలు ఈ ఖాళీని కొంతవరకు నింపాయి. గేటెడ్ కమ్యూనిటీలు నెలనెలా సమావేశమవుతాయి, తీర్మానాలు చేస్తాయి, అధికారులను రప్పించుకుంటాయి. పాత ఊరి బస్తీకి ఆ వెసులుబాటు లేదు. అక్కడ బోనాలకు, బతుకమ్మకు, పీర్ల పండుగకు అందరూ కూడతారు. ఆ కూడికలోనే చెరువు కట్ట మీద చెత్త గురించి, గుడి ముందు మురుగు గురించి మాట్లాడుకుంటారు. ఆ మాటలను రాసుకునే రిజిస్టరే లేదు.

ఇప్పుడు చేయదగినది

విలీనాన్ని వెనక్కి తిప్పడం జరిగే పని కాదు. తిప్పవలసిన అవసరం కూడా అన్ని చోట్లా లేదు. తాగునీరు, ట్రంకు మురుగు లైన్లు, రోడ్ల విషయంలో చిన్న పంచాయతీ చేయలేనిది పెద్ద సంస్థ చేయగలదు. కార్పొరేషన్ ఒకటైనా మూడైనా శివారు పల్లెకు కావలసినది ఒక్కటే. పంచాయతీ ఉన్నప్పుడు ఏ అరుగు మీద గ్రామసభ జరిగిందో అదే చోట ఏరియా సభ జరపాలి. తేదీ ముందుగా ప్రకటించాలి. గత సభలో అడిగినదానికి ఏమి చేశారో ముందు చదివి, ఆ తర్వాతే కొత్త అర్జీలు తీసుకోవాలి. సభ జరపని కార్పొరేటర్‌కు సర్పంచికి ఉన్నట్లే చట్టంలో శిక్ష ఉండాలి. దీనికి కోట్ల నిధులు అక్కరలేదు. ఒక షామియానా, ఒక మైకు, ఒక రిజిస్టరు చాలు.

2025 డిసెంబరులో ఒకే జిల్లాలో రెండు పనులు పక్కపక్కనే జరిగాయి. బాహ్య వలయ రహదారికి అవతల ఉన్న రంగారెడ్డి జిల్లా పల్లెల్లో కొత్త సర్పంచులు ప్రమాణం చేసి పంచాయతీ గదుల తాళాలు తీశారు. ఇవతల మహానగరాన్ని 300 వార్డులుగా విడదీసే ముసాయిదా వెలువడింది. తమ కాలనీ ఏ వార్డులో పడిందో, తమ ఊరి పేరు వార్డుకు ఎందుకు పెట్టలేదో అడుగుతూ వేల సంఖ్యలో అభ్యంతరాలు వచ్చాయి. వాటిని స్వీకరించినది కార్యాలయాల్లోనే, ఎవరికి వారుగా.